ఇంగ్లీషు ఎవరి పద్దు?

ఢిల్లీ మహానగరమున గాని, దాని చుట్టును పెరిగి దానితో నేకమైపోయిన నోయిడా, గురుగ్రామ్, ఘాజియాబాదులయందు గాని కాపురముండు తెలుగువారి పిల్లలకు భాషలు మూడు. ఆ మూడింటికిని నివాసములు వేరు వేరు. వంటింటిలో తెలుగు, మెట్లమీదను పార్కులోను హిందీ, బడిలో ఇంగ్లీషు. ఈ పంపకము నెవరును కూర్చుండి నిర్ణయించినది కాదు. పసివాడు నాలుగేండ్లు నిండకమునుపే ఎవరితో నే భాష యాడవలెనో యెరిగి, అమ్మమ్మతో నొకటి, గేటు కడ గార్డు భయ్యాతో నొకటి, మేడమ్‌తో నొకటిగా, ఏ వ్యాకరణమును చదువకయే ప్రయోగించుచుండును. ఇంతటి నేర్పరిని గూర్చి వీనికి భాష రాదని బడివారు ఫిర్యాదు చేయుట నేను పలుమారులు వింటిని.

మా ద్వారకా అపార్టుమెంటులో రెండవ అంతస్తున నుండు గుంటూరు అమ్మాయి ఆ నడుమ నొక శనివారము పీటీఎమ్ నుండి తిరిగివచ్చి, చేతిలోని డైరీని మా బల్లమీద పెట్టి, "బాబాయిగారూ, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమంటున్నారండీ. లేకపోతే వీడు క్లాసులో వెనకబడిపోతాడట" అన్నది. ఆ హితవు మేడమ్‌గారు ఏ భాషలో చెప్పినారని యడిగితిని. "హిందీలోనేనండీ" అని ఆమె నవ్వినది. నేనును నవ్వితిని గాని, నవ్వి పోగొట్టుకొనదగిన సంగతి కాదది. ఇంగ్లీషు మీడియమని బోర్డు కట్టి, ఇంగ్లీషు నేర్పుదుమని ఫీజు పుచ్చుకొన్న సంస్థ ఆ పనిని మరల తల్లికే అప్పగించుచున్నది. తల్లి దానిని తన లోపమనుకొని తల వంచుకొని వచ్చుచున్నది. నేను ఉద్యోగము చేసినన్నాళ్లును లెక్కల శాఖలో నుంటిని గనుక, ఒకరి పద్దున పడవలసిన ఖర్చు మరియొకరి పద్దున వ్రాయబడుట చూచి యూరకుండలేను. నా మట్టునకు ఇంగ్లీషు బడి పద్దు. దానిని ఇల్లు నెత్తిన వేసికొనుట ఔదార్యమువలె కనబడును గాని, దానివలన నష్టపడువారు ఆ ఇంటివారొక్కరే కారు.

ఈ నగరమున నీ యలవాటు ఎట్లు వేళ్లూనినదో తెలియవలెనన్న నర్సరీ ప్రవేశముల కథ చెప్పుకొనవలెను. చలికాలము వచ్చినదనగా మూడేండ్ల బిడ్డ గల ప్రతి ఇంటను ఫారముల పరుగు మొదలగును. ఒకప్పుడు ఫారముతో సరిపోయెడిది కాదు. ఆ బిడ్డను, బిడ్డతోపాటు తల్లిదండ్రులను, గదిలో కూర్చుండబెట్టి ప్రశ్నించెడివారు. ఇది యే రంగు, ఆ బొమ్మలోని జంతువేది, నీ పేరేమి, అన్నియు ఇంగ్లీషుననే. ఎరుపని, ఏనుగని ఇంట నేర్చిన పిల్ల రంగును గుర్తించియు, జంతువును గుర్తించియు, పలుకవలసిన భాష నోటికి రాక వెనుదిరిగెడిది. ఈ వ్యవహారము ఢిల్లీ హైకోర్టునకు చేరి, అప్పటి సీబీఎస్ఈ అధ్యక్షులు అశోక్ గంగూలీగారి నాయకత్వమున నొక సంఘ మేర్పడి, ఇంటర్వ్యూలను త్రోసివేసి, ఇంటికిని బడికిని గల దూరము, అదే బడిలో అన్నయో అక్కయో చదువుచుండుట మొదలగువానికి మార్కులు వేయు పద్ధతిని సూచించెను. అటుపిమ్మట 2009 నాటి విద్యాహక్కు చట్టము, తన పదమూడవ సెక్షనులో, పిల్లను గాని తల్లిదండ్రులను గాని పరీక్షించి వడపోయుట దండనార్హమని, మొదటి తప్పునకు 25,000 రూపాయల వరకు, ఆపై ప్రతి తప్పునకును 50,000 వరకు జరిమానా వేయవచ్చునని శాసించెను. పరీక్ష పోయినది, పరీక్ష పెట్టిన భయము మాత్రము ఇండ్లను విడిచి పోలేదు. ఇప్పటి తల్లులలో పెక్కుమంది ఆ ఇంటర్వ్యూలను కన్నవారు కారు, విన్నవారు. అయినను ప్లేస్కూలు నాటికే బిడ్డచేత రంగులు, పండ్లు, శరీరావయవములు ఇంగ్లీషున వల్లె వేయించుట మానరు.

ఇట్లు భయమునుండి పుట్టిన ఇంటి ఇంగ్లీషు ఎట్లుండునో మా మెట్లమీద నిలుచున్నవారికెల్ల వినవచ్చును. "హ్యాండ్స్ వాష్ చేసుకో. మిల్క్ ఫినిష్ చెయ్యి. షూస్ ఎక్కడ పెట్టావ్? అంకుల్‌కి బై చెప్పు." పేర్లన్నియు ఇంగ్లీషువి, వాక్యమును మోయు భారము తెలుగుది. ఇల్లు అలుకగానే పండుగ కానట్లే, పాలను మిల్కన్నంత మాత్రమున ఇంగ్లీషు రాదు. పాలనుమాట మాత్రము పోవును. అంతకంటె నన్ను బాధించునది మరియొకటి. రైలు పోవుచుండగా చందమామ మనతో నెందులకు వచ్చుచున్నాడని నాలుగేండ్లవాడు అడిగినప్పుడు, తల్లి తెలుగున చెప్పదలచెనేని పది వాక్యములు చెప్పును, అందు రెండు కల్పించి చెప్పును, మధ్య నొక కథ తగిలించును, వాడు ఎదురు ప్రశ్న వేసిన మరి నాలుగు చెప్పును. అదే తల్లి ఇంగ్లీషున చెప్పవలెనని నియమము పెట్టుకొనెనేని రెండవ వాక్యమునకే ఆయాసపడి, ప్రశ్నను త్రుంచివేసి, టీవీ పెట్టును. బిడ్డకు దక్కినది ఇంగ్లీషును కాదు, జవాబును కాదు. బొంకుట, బ్రతిమాలుట, సాకు చెప్పుట, అలుగుట, వాదించి ఓడుట, ఓడియు ఒప్పుకొనకుండుట, ఇవి యన్నియు భాషలోని పనులు. ఈ పనులకు పసివానికి దొరకు తొలి ప్రత్యర్థి తల్లి. ఆమె చేతిలోని ఆయుధమును తీసికొని, పాతిక మాటలిచ్చి పోరాడుమనుట న్యాయము కాదు.

హిందీ సంగతి చూడుడు. ఢిల్లీ తెలుగు పిల్లలకు హిందీ నేర్పిన తల్లిని నేనింతవరకు చూడలేదు. మా ఆడవారిలో పలువురి హిందీ కూరగాయల బండివాడు దయదలచి అర్థము చేసికొనునంతటిది. మగవారి హిందీ ఆఫీసులో నవ్వు పుట్టించునంతటిది. పిల్లలో, ఐదేండ్లు వచ్చుసరికి ఇక్కడనే పుట్టి పెరిగిన పంజాబీ పిల్లలతో సమానముగా, యాసతో సహా, తిట్లతో సహా మాటలాడుదురు. ఇంట హిందీ మాటలాడుడని ఎవరును హెచ్చరింపలేదు, ట్యూషను పెట్టలేదు. పార్కులో బ్యాటు వంతు తనదని చెప్పుకొనవలసివచ్చినది, చెప్పుకొనిరి. జారుడుబల్ల కడ ముందు తాను నిలిచినానని నిరూపింపవలసివచ్చినది, నిరూపించిరి. జరూరతు గురువై వచ్చినచోట తక్కిన గురువులు చేతులు కట్టుకొని చూడవలసినదే. ఆరు గంటలు బిడ్డను తమయొద్ద నుంచుకొను బడివారు ఆ జరూరతును ఇంగ్లీషునకు కల్పింపలేరా? కల్పింపగలరు; కాని మన బడులలో బిడ్డ ఇంగ్లీషున ఆడుకొనడు, తగవు పడడు, తన నిన్నటి సంగతి చెప్పుకొనడు. బోర్డుమీది ప్రశ్నను, దాని క్రింది జవాబును నోటుబుక్కులోనికి దింపుకొనును. నలువదిమంది గల తరగతిలో నొక్కొక్కనికి నోరు తెరచు వంతు దినమున కొకసారి వచ్చిన గొప్ప. మాతృభాష పలికిన జరిమానా వేయు బడులును లేకపోలేదు. అమ్మ పెట్టాపెట్టదు, అడుక్కు తిననివ్వదన్న సామెత ఇట్టి చోటులకు చక్కగా పట్టును.

ఢిల్లీ తెలుగువారికి ఈ విషయమున నొక పూర్వకథ కలదు, అది దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారిది. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన ఆమె, ఇంగ్లీషు మీడియపు చదువును నిరసించి చిన్ననాటనే బడి విడిచిన బాలిక. ఆడపిల్లలకు హిందీ నేర్పుటకు తానే బడి నడిపిన బాలిక. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల వేళ ప్రదర్శనశాల ద్వారమున వాలంటీరుగా నిలిచి, టిక్కెట్టు లేదని జవాహర్‌లాల్ నెహ్రూనే ఆపిన బాలిక. ఆ బాలికయే పిదప ఉప్పు సత్యాగ్రహమున జైలుకేగి, వెలుపలికి వచ్చి, కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్ పరీక్షతో మరల చదువు మొదలిడి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఎం.ఏ.యు, మద్రాసున న్యాయశాస్త్రమును ముగించి, రాజ్యాంగ సభలో సభ్యురాలై దేశములోని మేటి న్యాయవాదులతో ఇంగ్లీషుననే వాదించినది. చిన్ననాట తాను త్రోసివేసిన భాషను ఆమె పెద్దయై, తనకు కావలసిననాడు, తన షరతులపై తెచ్చుకొన్నది. కనుక ఆమె నిరసన ఆ భాష పట్ల ద్వేషమని నేననుకొనను. ఏ పాఠమైనను అర్థము కాకమునుపే అర్థము కాని భాషలో మీదపడుటను ఆమె సహింపలేకపోయినదని నాకు తోచును.

ఆమె పూనికతోనే 1948లో ఈ నగరమున ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ వెలసినది. కొత్తగా స్వతంత్రమైన దేశపు రాజధానికి ఫైళ్లు మోయవచ్చిన గుమాస్తాలు మొదలు పెద్ద కొలువులవారి వరకు తెలుగు సంసారములు వచ్చి చేరుచున్న కాలమది. దీన్ దయాళ్ ఉపాధ్యాయ మార్గమునందును, జనక్‌పురి, ప్రసాద్ నగర్, పుష్ప్ విహార్‌లందును ఆ సొసైటీ బడులు నేటికిని నడచుచున్నవి. ఇంగ్లీషు మీడియముగా నడచు సీబీఎస్ఈ బడులే. తెలుగు అందొక పాఠ్యవిషయము. ఇంగ్లీషు మీడియమును కాదన్న బాలిక నాటిన చెట్టున ఇంగ్లీషు మీడియము కాచినదని పరిహసించువారున్నారు. నేను పరిహసింపను. దూరదేశమున ఇల్లు ఇయ్యగలిగినది మాట. అక్షరము, పద్యము, వ్యాకరణము ఇచ్చుటకు ఆఫీసునుండి రాత్రి ఎనిమిదింటికి మెట్రోలో నిలువుకాళ్లమీద వచ్చు తండ్రికి ఓపిక చాలదు. సమాజము కూడి ఆ పనికై బడి కట్టుకొన్నది. ఇంగ్లీషును ఆ బడియే చూచుకొన్నది. పనులు ఎవరివి వారికి పంచబడినవి. సౌత్ క్యాంపసు మెట్రో స్టేషనున దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు వ్రాసియుండును; పక్కనే తిరుమల తిరుపతి దేవస్థానమువారు 1961లో నెలకొల్పిన శ్రీ వేంకటేశ్వర కళాశాల. ఆ స్టేషనులో దిగి ఆ కళాశాలకు పోవు పిల్లలలో ఆ పేరెవరిదో ఎందరికి తెలియునో నేనడుగలేదు.

ఆ పాత తరమువారి ఇంగ్లీషు ఎక్కడినుండి వచ్చినది? 1888లో తిరుత్తణిలో తెలుగింట బుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ తిరుపతిలోను, వేలూరులోను మిషనరీ బడులలో చదివి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో తేలి, 1936లో ఆక్స్‌ఫర్డున ఆచార్యపీఠ మెక్కిరి. వారింట ఎవరును "మిల్క్ ఫినిష్ చెయ్యి" అనియుండరు. మహాపురుషుల నుదాహరించి వాదము గెలుచుట సులువు గనుక ఆ దారిని నేనెక్కువ దూరము పోను. మా చిన్ననాటి గుమాస్తాలనే తలచుకొందును. నెస్‌ఫీల్డు వ్యాకరణమును, రెన్ అండ్ మార్టిన్‌ను అరుగుమీద కూర్చుండి నమలి, ఇంటిలో ఒక్క ఇంగ్లీషు ముక్క వినకయే, పై అధికారి కామా మార్చనక్కరలేని నోటు వ్రాసెడివారు. ఒక లోపము ఒప్పుకొనక తప్పదు. వ్రాసినంత బాగుగా వారు మాటలాడలేకపోయిరి, దొర ఎదుట నిలుచున్న నోరెండెడిది. నోరు తెరిపింపని బడి నాడును ఉండెను, నేడును ఉన్నది. ఆ లోపమును దిద్దవలసినది ఎక్కడనో అదే చెప్పుచున్నది.

ఒక ఇంట రెండు భాషలు పెంచవచ్చునని పాశ్చాత్యులు చెప్పిరి కదా యని చదువుకొన్న తండ్రులు నన్నెదుర్కొందురు. నిజమే. జూల్ రోంజా అను ఫ్రెంచి పండితుడు, తాను ఫ్రెంచిలోను, తన భార్య జర్మనులోను మాటలాడి లూయీ అను కొడుకును పెంచి, ఆ వృత్తాంతమును 1913లో గ్రంథముగా ప్రకటించెను. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క భాష యను సూత్రము గ్రామో అను ఆయన మిత్రుడిచ్చినది. పదేండ్లకు 1923లో వేల్సు దేశపు పిల్లలను పరీక్షించిన సేయర్ అను నాయన రెండు భాషలవారు బుద్ధిలో వెనుకబడిరని తేల్చగా, లోకము నమ్మినది. 1962లో మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ అనువారు మరల పరీక్షించి, రెండు భాషలును చక్కగా వచ్చిన పిల్లలే ముందున్నారని చూపగా, లోకము దానిని కూడ నమ్మినది. రోంజా ఇంటి కథలో మనవారు విడిచిపెట్టు చిన్న సంగతి యొకటున్నది. ఆ జర్మను ఆ తల్లిది. ఆమె దానిలో పుట్టినది, దానిలో జోలపాడగలదు. తెనాలి తల్లి తెనాలి తండ్రి ఢిల్లీ ఫ్లాటులో నొకరితోనొకరు తెలుగున మాటలాడుకొనుచు, బిడ్డవైపు తిరిగినప్పుడు మాత్రము ఇంగ్లీషులోనికి దిగుటకు రోంజా సాక్ష్యము చెల్లదు.

ఇక నా అసలు ఆక్షేపణ. విద్యాహక్కు చట్టపు పన్నెండవ సెక్షను ప్రకారము ప్రైవేటు బడులు తొలి తరగతిలో నాలుగవవంతు స్థానములను పేద పిల్లలకు ఇయ్యవలెను. ఢిల్లీలో ఈ స్థానములకు లాటరీ తీయుదురు. మా అపార్టుమెంటులో గిన్నెలు కడుగు ఆమె కూతురు అట్లు చేరినదే. గుంటూరు అమ్మాయి కొడుకును ఆ పిల్లయు ఒకే తరగతి. ఇంట ఇంగ్లీషు మాటలాడుడని మేడమ్‌గారు గుంటూరు అమ్మాయికి చెప్పినప్పుడు ఆమె ఎంత కష్టపడియైనను పాతిక మాటలు కూడదీసికొనును, చాలకున్న ట్యూషను పెట్టును. అదే మాట ఆ రెండవ తల్లికి చెప్పిన ఆమె ఏమి చేయును? ఇంటినుండి రావలసినదిగా బడి ఎంచిన భాష ఆస్తివంటిది. తాతలు సంపాదించియున్న వారికే అది దక్కును. మనము మన ఇండ్లలో చెమటోడ్చి బడి చేయవలసిన పనిని చేసి పెట్టినకొలదియు, తరగతిలో సగముమందికి వచ్చినదని బడి చూపుకొనును. రానివారి లోపము వారి ఇండ్లదని తేల్చివేయును. గుంటూరు అమ్మాయితో నీ మాట యంటిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "అది నిజమే గానీ బాబాయిగారూ, మా వాడి రిపోర్టు కార్డు నేను చూసుకోవాలి కదండీ" అన్నది. ఆ మాటకు నాయొద్ద జవాబు లేదు. ఆమె భయము నాకు తెలియనిది కాదు. ఆమె ఒక్కతె వెళ్లి చెప్పిన బడి వినదు, తల్లులు పదిమంది కూడి పీటీఎమ్‌లో అడిగిన వినునేమో.

సొంత రాష్ట్రమున తెలుగు పదిలముగా నున్నదనియు, మేమే ప్రవాసమున పోగొట్టుకొనుచున్నామనియు తలచుట ఢిల్లీవారి పాత భ్రమ. తెలంగాణ ఎక్స్‌ప్రెస్సున బల్లార్షా దాటి సిర్పూర్ కాగజ్‌నగర్ చేరుసరికి మా పిల్లల తెలుగు నిద్ర లేచును; ఇల్లు చేరి చూడగా, అక్కడి పినతండ్రి బిడ్డలు వీరితో ఇంగ్లీషున మాటలాడుదురు. ప్రభుత్వ పాఠశాలలన్నింటను ఒకటి మొదలు ఆరవ తరగతి వరకు ఇంగ్లీషు మీడియము పెట్టుచు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019 నవంబరున ఉత్తరువిచ్చుట, 2020 ఏప్రిలున హైకోర్టు దానిని కొట్టివేయుట అందరెరిగినవే. మీడియము ఎన్నుకొను హక్కు తల్లిదండ్రులదని సుప్రీంకోర్టు 2014లోనే కర్ణాటక వ్యాజ్యమున చెప్పియున్నది. ఎన్నుకొనుట తల్లిదండ్రులది కావచ్చును. ఎన్నుకొన్న పిదప నేర్పుటయు వారిదే యని ఆ తీర్పున ఎక్కడను లేదు.

అట్లని ఇంటికి ఇంగ్లీషుతో నే సంబంధమును వలదని నేను గిరి గీయను. బహదూర్ షా జఫర్ మార్గమునందలి నెహ్రూ హౌసులో కార్టూనిస్టు శంకర్ 1957లో స్థాపించిన చిల్డ్రన్స్ బుక్ ట్రస్టు కలదు; పిల్లల గ్రంథాలయమును అక్కడనే. దర్యాగంజి ఆదివారపు పాత పుస్తకముల సంత ఇప్పుడు మహిళా హాటునకు మారినది గాని, పుస్తకములు తూకమున అమ్ముట మానలేదు. ప్రగతి మైదానపు పుస్తక ప్రదర్శనలో నేషనల్ బుక్ ట్రస్టువారి యొద్ద ఒకే బొమ్మల కథ తెలుగునను ఇంగ్లీషునను దొరకుటయు కద్దు. రెండును కొని తెచ్చి, తెలుగుది అమ్మ చదివి, ఇంగ్లీషుది బిడ్డచేత చదివించుకొని, తెలియని మాటను అమ్మ బిడ్డనే అడిగిన ఎంత బాగుండును! బడిలో నేర్చినదానిని ఇంట పెద్దలకు నేర్పుటలో పిల్లలకుండు గర్వము సామాన్యమైనది కాదు. తల్లి తనకంటె తక్కువ ఇంగ్లీషు తెలిసినదైనను సిగ్గుపడనక్కరలేని ఇల్లు, ఆ భాషకు మంచి ఇల్లే.

ఇన్ని చెప్పియు, గురుగ్రామ్‌లోని మా బంధువులింట నా వాదము నిలువలేదని చెప్పవలెను. కొడుకు తెలుగువాడు, కోడలు బెంగాలీ అమ్మాయి. వారిద్దరును ఆఫీసులో కలిసిన నాటినుండి ఇంగ్లీషుననే మాటలాడుకొనిరి, ఇంగ్లీషుననే పోట్లాడుకొనిరి. ఆ ఇంట ఇంగ్లీషు బడినుండి అరువు తెచ్చినది కాదు, భయమునుండి పుట్టినది కాదు. ఆ బిడ్డకు అదే తల్లిదండ్రుల మాట. దానిని బడికి విడిచిపెట్టుడని వారితో నే నోట చెప్పుదును? ఏలూరినుండి వచ్చిన నాయనమ్మ మనుమరాలితో తెలుగున మాటలాడును, కలకత్తానుండి ఫోనులో దిదిమా బంగ్లాలో మాటలాడును, ఆయా హిందీలో అన్నము తినిపించును; మూడేండ్ల ఆ పిల్ల అందరికిని జవాబులు చెప్పుచుండును. రానున్న ఏప్రిలున నర్సరీలో చేరవలెను. ఫారములో మాతృభాష యనుచోట ఏమి వ్రాయవలెనో తోచక, తండ్రి నాకు ఫోను చేసి యడిగెను. ఆ గడి ఖాళీగా విడిచిన ఫారము తిప్పి పంపుదురేమో కనుక్కొనుమంటిని.